జీతపు పట్టీలో నిక్షేప ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



తెలుగు పల్లెలలో నేడు తరచుగా వినబడు సంభాషణ యొకటి కలదు. "మీ అబ్బాయి యేమి చేయుచున్నాడు?" అని రచ్చబండకడ నెవరైన నడుగుదురు. "అమెరికాలో కంప్యూటరు పని" అని తండ్రి చెప్పును. "ఆసుపత్రిలోనట" అని తల్లి చేర్చును. డాక్టరా యని యడిగిన కాదు. మందుల పనియా యనిన అదియును కాదు. "జీతముల లెక్కలట, పన్నుల లెక్కలట" అని చెప్పి వారు మిన్నకుందురు. అంతకు మించి వారికిని తెలియదు. సముద్రములు దాటిపోయిన బిడ్డ దినమంతయు దేనితో కుస్తీపట్టుచున్నాడో కన్నవారికి తెలియకపోవుట విచారకరము. ఆ పని యెట్టిదో, అందలి బాధ్యత యెంతటిదో విన్నవించుటయే ఈ ప్రసంగము నుద్దేశము.

మనుధర్మశాస్త్రము న్యాయస్థానమునకు రాదగిన వివాదములను పదునెనిమిదిగా విభజించినది. అందు రెండవది నిక్షేపము, అనగా ఒకరు నమ్మి మరియొకరి చేతిలో దాచిన సొత్తు. ఆరవది వేతనాదానము, అనగా చేసిన పనికి జీతమీయకుండుట. యాజ్ఞవల్క్యస్మృతియును ఈ రెండింటిని వేర్వేరు ప్రకరణములలో విచారించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యానము ననుసరించియే పదుమూడవ శతాబ్దమున కేతన 'విజ్ఞానేశ్వరీయము'ను తెలుగు చేసెను. పూర్వులు ఈ రెండు ధర్మములను వేరుగానే చూచిరి. జీతమిచ్చువాడు వేరు, సొత్తు దాచువాడు వేరు. నేటి యుద్యోగపు లోకములో ఈ రెండును ఒక్క కాగితముపై కలిసినవి. ఆ కాగితమే జీతపు పట్టీ. దానినే ఇంగ్లీషువారు పేరోల్ అందురు.

ఈ కలయిక అమెరికాలో ఎట్లు సంభవించినదో ముందుగా చూతము. 1935 ఆగస్టు 14వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు సోషల్ సెక్యూరిటీ చట్టముపై సంతకము చేసెను. వృద్ధాప్యమున కూలి చేయలేని వారికి నెలనెలా కొంత పైకమిచ్చుట దాని ఆశయములలో ముఖ్యమైనది. ఆ పైకము కొరకు 1937 జనవరి నుండి చట్టము వర్తించిన కార్మికుల జీతములో నూటికి 1 వంతు కోసి, యజమాని తన వంతుగా మరియొక 1 వంతు చేర్చి ప్రభుత్వమునకు కట్టవలసి వచ్చెను. ఆదాయపు పన్ను సంగతి వేరుగా నుండెను. ఒక యేటి యాదాయముపై పన్నును మరుసటి యేట కట్టుట అప్పటి యాచారము. రెండవ ప్రపంచయుద్ధపు రోజులలో ఆ జాగు ప్రభుత్వమునకు కష్టమయ్యెను. 1943లో వచ్చిన చట్టముతో జీతము చేతికందక మునుపే యజమాని ఆదాయపు పన్నును కోయు పద్ధతి స్థిరపడినది. 1965లో వృద్ధుల వైద్యమునకై మెడికేర్ చట్టము రాగా 1966 నుండి దాని కోతయు వచ్చి చేరెను. ఈ విధముగా యజమాని కూలియిచ్చువాడు మాత్రమే కాక, పన్ను వసూలుచేసి ఖజానాకు చేర్చువాడును అయ్యెను.

నేటి లెక్క యెట్లుండునో ఒక ఉదాహరణము చెప్పిన స్పష్టపడగలదు. ఒక నర్సునకు పక్షమునకు 3,000 డాలర్ల జీతమనుకొందము. సోషల్ సెక్యూరిటీ కోత నూటికి 6.2 వంతున 186 డాలర్లు. మెడికేర్ కోత నూటికి 1.45 వంతున 43 డాలర్ల 50 సెంట్లు. ఈ రెండును కలిసి 229 డాలర్ల 50 సెంట్లు. ఆసుపత్రి తన సొంత సొమ్ములో నుండి అంతే మొత్తము చేర్చవలెను. అనగా ఒక్క నర్సు పేరున ఒక్క పక్షమునకు 459 డాలర్లు ఖజానాకు పోవలెను. అట్టివారు 2,000 మంది యున్నచో ఆ మొత్తము 9,18,000 డాలర్లగును. ఆమె తన కుటుంబ స్థితిని తెలుపుచు వ్రాసియిచ్చిన వాఙ్మూలము ననుసరించి కోయవలసిన ఆదాయపు పన్ను ఇందులో చేరనేలేదు.

ఇంతవరకు గుణకారమే కదా, ఇందులో కష్టమేమి యని కొందరనవచ్చును. కష్టము ఆసుపత్రి స్వభావములోనే యున్నది. కచేరి ఉదయము తెరచి సాయంకాలము మూయబడును. ఆసుపత్రికి తలుపు మూయుట లేదు. పండుగనాడును, అర్ధరాత్రియు, తుపాను రోజునను రోగి యుండును గనుక నర్సుయు నుండవలెను. రాత్రిపనికి అదనపు వేతనము, పండుగ పనికి మరియొకటి, పిలిచిన వెంటనే వచ్చుటకు ఇంటికడ సిద్ధముగా నుండినందుకు వేరొకటి, ఇట్లు పద్దులు పెరుగుచుండును. అక్కడి చట్టము ప్రకారము సామాన్యముగా వారమునకు 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు వేతనమీయవలెను. ఆసుపత్రులకు మాత్రము, పనివారితో ముందుగా ఒప్పందము చేసికొనినచో, 14 దినములను ఒక గడువుగా నెంచి, దినమునకు 8 గంటలు దాటినదానికిగాని, ఆ 14 దినములలో 80 గంటలు దాటినదానికిగాని అదనపు వేతనమిచ్చు వెసులుబాటు కలదు.

అందులో ఒక సూక్ష్మము గమనింపుడు. గంటకు 40 డాలర్ల జీతముగల నర్సు వారమంతయు రాత్రులే పనిచేసి గంటకు 5 డాలర్ల రాత్రి భత్యము పొందినదనుకొనుడు. అదనపు గంటకు ఒకటిన్నర రెట్లు అనగా 40పై లెక్కించి 60 డాలర్లిచ్చిన అది తప్పు. భత్యముతో కూడిన 45పై లెక్కించి 67 డాలర్ల 50 సెంట్లు ఈయవలెను. లెక్కలో ఒక చిన్న గురుతు తప్పిపోయినచో ప్రతి గంటకు 7 డాలర్ల 50 సెంట్లు నిదురమాని సేవచేసిన ఆమె చేతినుండి జారిపోవును. ఆమెకు తెలియకపోవచ్చును. వేతనాదానమను దోషము దుర్బుద్ధి వలననే కాదు, అజాగ్రత్త వలనను కలుగునని ఇందువలన తేలుచున్నది.

నివాసమును బట్టియు చిక్కులు వచ్చును. న్యూజెర్సీ రాష్ట్రములో కాపురముండి, నది దాటి పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా నగరములో పనిచేయు నర్సు సంగతి చూడుడు. ఆ రెండు రాష్ట్రముల మధ్య ఒప్పందముండుటచే ఆమె జీతముపై రాష్ట్రపు ఆదాయపు పన్ను స్వరాష్ట్రమైన న్యూజెర్సీకే చెందును. ఆ ఒప్పందము ఫిలడెల్ఫియా నగరపు వేతన పన్నునకు వర్తింపదు. అది కట్టవలసినదే. అదే నర్సు టెక్సాసునకు మారి అక్కడ పనిచేసినచో జీతముపై రాష్ట్రపు పన్నే లేదు. మనిషి ఒక్కతెయే, చేయు సేవ ఒక్కటియే, ఇల్లు మారిన లెక్కయంతయు మారును. ఆమె క్రొత్త చిరునామా వ్రాసి యిచ్చిన నాడే పట్టీలో సవరింపనిచో సంవత్సరాంతమున రెండు రాష్ట్రములతో తగవు తప్పదు.

ఎవరు పనివారు, ఎవరు విద్యార్థులు అను ప్రశ్నయు ఆసుపత్రిలో పుట్టినది. వైద్యవిద్య ముగించి, పెద్ద డాక్టర్ల క్రింద శిక్షణ పొందుచు రోగులను చూచు యువవైద్యులను అక్కడ రెసిడెంట్లు అందురు. వారు విద్యార్థులే గనుక సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు వారికి వర్తింపవని మిన్నెసోటాలోని మేయో సంస్థ వాదించెను. వారమునకు 40 గంటలుగాని అంతకు మించిగాని పనిచేయువారు విద్యార్థులు కారని ప్రభుత్వము నియమము చేసియుండెను. వివాదము అమెరికా సుప్రీముకోర్టు వరకు పోయి, 2011 జనవరి 11వ తేదీన ప్రభుత్వపక్షముననే తీర్పు వచ్చినది. అట్లే, లాభాపేక్ష లేని ధర్మాసుపత్రులకు ఆదాయపు పన్ను లేకపోయినను, 1984 నుండి వాని పనివారి జీతములపై సోషల్ సెక్యూరిటీ పన్ను తప్పనిసరియైనది. ధర్మసంస్థయైన మాత్రమున పనివాని వృద్ధాప్యమును మరచుటకు వీలులేదని దీని భావము.

ఇక ఈ ప్రసంగమునకు ప్రాణమైన విషయము. జీతములో కోసిన పన్ను కోసిన క్షణమునుండి ఎవరిది? నర్సుది కాదు, ఆమెకు చేరలేదు. ఖజానాది యందమా, ఖజానాకును ఇంకను చేరలేదు. ఈ నడుమ అది ఆసుపత్రి ఖాతాలో నుండును. ఖాతాలో నున్నంత మాత్రమున ఆసుపత్రిది కాదు. అమెరికా చట్టము దీనిని స్పష్టముగా నమ్మకపు సొమ్ము అనినది. మన శాస్త్రకారుల నిక్షేపమే అది.

అందుచేతనే దానిని ఉంచుకొనగల కాలము మిక్కిలి స్వల్పము. పెద్ద యజమానులు శుక్రవారము జీతములిచ్చినచో మరుసటి బుధవారము లోపల పన్ను కట్టవలెను. కట్టవలసిన పన్ను ఒక్కనాటికి 1,00,000 డాలర్లకు చేరినచో మరుసటి పనిదినముననే జమ చేయవలెను. పైన చెప్పిన 2,000 మంది ఆసుపత్రి యీ కోవకే చెందును. 1 నుండి 5 దినముల ఆలస్యమునకు నూటికి 2 వంతులు, 15 దినముల వరకు 5 వంతులు, అంతకు మించిన 10 వంతులు జరిమానా. నోటీసు వచ్చినను కట్టనిచో అది 15 వంతుల వరకు పెరుగును.

ఆసుపత్రికి సొమ్ము చాలని దినములు వచ్చును. బీమా సంస్థలనుండి రావలసిన బాకీలు నెలల తరబడి నిలిచిపోవును. మందుల వర్తకుడు తలుపు తట్టును. అప్పుడు ఖాతాలో లక్షల డాలర్లు కనబడును. "ఈ వారము మందులకు కట్టుదము, పన్ను వచ్చే వారము కట్టవచ్చును" అను మాట పుట్టును. ఆ మాటలో దురాశ కనబడదు. రోగికొరకే కదా యనిపించును. నిక్షేపము చెడు త్రోవ సామాన్యముగా ఇదియే. చట్టము ఇచ్చట కఠినముగా నిలిచినది. పన్ను కట్టవలెనని తెలిసియు, సొమ్మును వేరొక అప్పునకు మళ్లించిన అధికారి, ఆ కోసిన పన్నుకు సరిసమానమైన మొత్తమును తన సొంత ఆస్తినుండి చెల్లింపవలసి రావచ్చును. సంస్థ వెనుక దాగుటకు వీలులేదు. అధికారము లేక, చెప్పిన అంకెలు వ్రాయు గుమాస్తాపై ఈ భారము పడదు. ఏ బాకీ ముందు తీర్చవలెనో నిర్ణయింపగల వానిపైననే పడును. అయినను గడువు తేదీని, కట్టవలసిన మొత్తమును వేళకు పైవారికి తెలియజేయువాడు ఆ గుమాస్తాయే. అతడు మౌనము వహించిన అధికారికి హెచ్చరిక యెక్కడినుండి వచ్చును?

ఇది పరదేశపు నీతి మాత్రమే కాదు. మన దేశములో 1952 నాటి చట్టముతో ప్రావిడెంటు ఫండు పద్ధతి వ్యాపించినది. పనివాని జీతమునుండి ఆ ఫండుకొరకు కోసిన సొమ్ము యజమానికి నమ్మి అప్పగించినదిగా భావింపవలెననియు, దానిని కట్టకుండుట నమ్మకద్రోహమను నేరమనియు పాత శిక్షాస్మృతిలో నుండెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 316వ విభాగమునందును ఆ వివరణ నిలిచియున్నది. దేశములు వేరైనను ధర్మమొక్కటియే.

ఇప్పుడు సాఫ్ట్‌వేరు సంగతి. వేలమంది జీతములను పక్షమునకొకసారి చేతివ్రాతతో లెక్కించుట అసాధ్యము గనుక కంప్యూటరు వచ్చినది. చట్టములోని ప్రతి సూత్రమును యంత్రమునకు అర్థమగునట్లు వ్రాసిపెట్టుదురు. ఏటేటా అంకెలు మారుచుండును. సోషల్ సెక్యూరిటీ కోత ఎంత జీతము వరకు వర్తించునో ఆ పరిమితి 2025వ సంవత్సరమునకు 1,76,100 డాలర్లు. మరుసటి యేడు అది వేరు. జనవరి మొదటి జీతమునకు ముందే ఆ మార్పు యంత్రములో చేరవలెను. జనవరి 31 లోపల ప్రతి పనివానికి ఏడాది జీతము, కోతల వివరపత్రము అందవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రములో అక్షపటలమను లెక్కల కచేరి ప్రసక్తి కలదు. ఆషాఢ పూర్ణిమకు సంవత్సరము ముగించి గణకులు లెక్కలు తెచ్చి యొప్పగింపవలెనని అందు విధింపబడినది. అక్కడి పేరోల్ వారికి జనవరియే ఆషాఢము. ఆ మాసమున పిల్లలు ఇంటికి ఫోను చేయుట తగ్గించిన తల్లిదండ్రులు నొచ్చుకొనరాదు.

సాఫ్ట్‌వేరు సపోర్టు అను పనిలోనివాని దినచర్య యిట్లుండును. "నా జీతము తగ్గినది, ఏల?" అని ఒక నర్సు వ్రాయును. అతడు ముందు ఆమె హాజరుపట్టీ చూచును, తరువాత జీతపు రేటు, తరువాత కోతలు, తరువాత చిరునామా. తప్పు ఆమె ఒక్కతెకే జరిగినదా, ఆ వార్డులోని వారందరికి జరిగినదా యని పరిశీలించును. యంత్రపు నకలుపై సవరణ చేసి, ఫలితము సరిచూచి, పిమ్మట అసలులో మార్చును. ప్రభుత్వమునకు పంపిన మూడు మాసముల లెక్కలో తప్పు చేరియున్నచో దిద్దుబాటు పత్రము పంపును. చేతివ్రాత చిట్టాలో తప్పు ఒక పద్దునకు తగులును. యంత్రములోని తప్పు ప్రతి పద్దునకును తగులును. అందుచేత యంత్రము వచ్చిన పిమ్మట లెక్కరియొక్క శ్రద్ధ రెట్టింపు కావలసియున్నది.

శ్రద్ధ తప్పిన యేమగునో చూపుటకు ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి చాలును. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్యశాఖ 2010 మార్చిలో క్రొత్త జీతపు సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టెను. ఆ శాఖలో పనివారు సుమారు 78,000 మంది. వారి వేతన ఒప్పందములు, భత్యములు కలిసి 24,000కు మించిన లెక్కల కలయికలు ఏర్పడుచుండెను. పరీక్షలలో బయటపడిన దోషములు పూర్తిగా తీరకమునుపే పాతదానిని విడిచి క్రొత్తదానికి మారిరి. వేలమందికి జీతము తప్పుగా పడినది. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ, కొందరికి అసలే లేదు. ఎక్కువ పడినవారికిని సుఖము లేదు, ఖర్చయిపోయిన సొమ్మును మరల కట్టుమని ఉత్తరములు వచ్చెను. లెక్కలను చేతితో సరిదిద్దుటకు వందలకొలది మందిని క్రొత్తగా నియమింపవలసి వచ్చెను. 2013లో రిచర్డ్ చెస్టర్మన్ అను మాజీ న్యాయమూర్తి విచారణ జరిపి ఆ వైఫల్యమును తీవ్రముగా గర్హించెను. దాని మొత్తము భారము సుమారు 120 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లని అంచనా. తొందర యొక్క వెల యంత!

మరియొకటి. 2021 డిసెంబరులో క్రోనోస్ అను హాజరు, జీతముల సాఫ్ట్‌వేరుపై దొంగలు దాడి చేసి దానిని స్తంభింపజేసిరి. ఆ సాఫ్ట్‌వేరును వాడు అమెరికా ఆసుపత్రులెన్నో క్రిస్మసు పండుగ ముందు చిక్కులో పడెను. కోవిడు రోగులతో వార్డులు నిండియున్న కాలమది. అప్పుడు నర్సులు కాగితములపై గంటలు వ్రాసిరి. కొన్ని ఆసుపత్రులు గత పక్షపు మొత్తమునే మరల నిచ్చి, హెచ్చుతగ్గులను తరువాత సవరించుకొనెను. యంత్రము నిలిచిన దినమున కాగితపు చిట్టాయు, దానిని వ్రాయనెరిగిన మనిషియు ఆదుకొనిరి. ఆ విద్యను పనికిమాలినదని యెంచరాదు.

సోదరులారా, ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసినవానికి పేరు వచ్చును. రాత్రంతయు రోగికడ కూర్చున్న నర్సుకు దీవెన వచ్చును. జీతపు పట్టీ సరిగా వ్రాసినవానికి ఏదియు రాదు. లెక్క సరిపోయిన దినమున అతనిని తలచువారుండరు, తప్పిన దినముననే అందరును తలతురు. అయినను ఇంటి అద్దె తేదీకి జీతమంది నిశ్చింతగా నుండు నర్సే రోగిని నిశ్చింతగా చూడగలదు. ఆమె వృద్ధాప్యమున అందబోవు పింఛను ఈనాడు వేళకు సరిగా జమపడిన పద్దులపైననే ఆధారపడియున్నది. సంవత్సరముల తరువాత లభించు ఆ ఫలమును కాపాడువాడు ఆ లెక్కరి.

కావున పెద్దలకొక మనవి. ఇకమీదట రచ్చబండకడ ఎవరైన అడిగినచో "కంప్యూటరు పని" యని ఊరుకొనక, "ఇతరుల సొమ్మును కాచు పని" యని చెప్పుడు. యువకులకొక మనవి. తెరపై కనబడు అంకె ప్రతిదాని వెనుక ఒక మనిషి కలడని, ఖాతాలో నున్న ధనమంతయు సంస్థది కాదని మరువకుడు.

ఈ ధర్మమును నేర్చుకొనుటకు అమెరికా వరకు పోనక్కరలేదు. ఈ గ్రంథాలయపు ఇచ్చిపుచ్చుకోళ్ల పుస్తకమును చూచిన చాలును. ఇంటికి తీసికొనిపోయిన పుస్తకము చదువరి చేతిలో నుండును గాని చదువరిది కాదు. దానిని గడువులోపల, పుట చినుగకుండ తిరిగి యిచ్చుట నేర్చిన బాలుడు పెద్దవాడై ఎంతటి ఖాతానైన కాపాడగలడు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు ఆ పాఠమును నేర్పుచున్న గ్రంథాలయము ఇంకను వర్ధిల్లుగాక.

స్వస్తి.